తమగోచి ఊరికే చచ్చిపోతోందా? ఏ తంటాకు ఏ మోడల్ కారణం, ఎవరికి ఏది కొనాలి

తమగోచి అంటే అరచేతిలో పట్టే బొమ్మ, దాని చిన్న తెర మీద గుడ్డు నుంచి పుట్టే జీవికి తిండి పెట్టి, శుభ్రం చేసి పెంచాలి. మా ఇంట్లో ఇలాంటి ఎలక్ట్రానిక్ పెంపుడు బొమ్మలు ఇప్పటికి ఆరు పోగయ్యాయి. రెండు మా అమ్మాయివి, ఒకటి మా చెల్లెలి కొడుకుది, మిగతావి నేను ఇష్టపడి కొనుక్కున్నవి. దాంతో మా అపార్ట్‌మెంట్‌లో ఎవరి పిల్లల బొమ్మ మొరాయించినా నా దగ్గరికే తెస్తారు. తెచ్చినవాటిలో నిజంగా పాడైనవి తక్కువే. చాలాసార్లు బొమ్మ బాగానే ఉంటుంది, ఆ పిల్ల బడి వేళలకు, వయసుకు, ఇంట్లో పద్ధతికి ఆ మోడల్ పొసగదు, అంతే. అందుకే మోడళ్ల పేర్లతో కాకుండా ఇళ్లలో వచ్చే తంటాలతోనే మొదలుపెడుతున్నాను. మీకు ఏ తంటా వచ్చిందో, లేదా రాబోతుందో చూసుకుంటే ఏది కొనాలో మీకే తెలిసిపోతుంది.

బడి నుంచి వచ్చేసరికి చచ్చిపోయి ఉంటోంది

అందరికంటే ఎక్కువగా వినే గోడు ఇదే. మా ఇంట్లోనూ మొదట జరిగింది ఇదే. తమగోచి ఒరిజినల్ అనే మోడల్ ఇంటికి వచ్చిన మర్నాడు, సోమవారం పొద్దున్న ఏడింటికి, మా అమ్మాయి ఆత్రం ఆపుకోలేక గుడ్డు మొదలుపెట్టి బడికి వెళ్లిపోయింది. సాయంత్రం బస్సు దిగి బూట్లు కూడా విప్పకుండా టీవీ పక్కనున్న బొమ్మ అందుకుంది. తెర మీద రెక్కలున్న చిన్న ఆకారం తేలుతోంది. "అమ్మా, దీనికి రెక్కలొచ్చాయి!" అని సంబరంగా నాకు చూపించింది. దానికి ఏమని చెప్పాలో నాకు వెంటనే తోచలేదు.

కారణం ఏమిటంటే, ఒరిజినల్ తమగోచి 1996 నవంబర్‌లో జపాన్‌లో బందాయ్ కంపెనీ విడుదల చేసిన ఆటకు దాదాపు నకలే. గడియారం సెట్ చేసిన 5 నిమిషాలకు గుడ్డు పగులుతుంది. ఆ తర్వాతి గంట సేపు అది పసిగుడ్డు, అక్షరాలా చంటిపిల్లే, మాటిమాటికీ ఆకలి, ఆట, మధ్యలో దొడ్డికి. ఆ గంట గడిచాక కాస్త నెమ్మదిస్తుంది. పెంటను శుభ్రం చేయకపోతే జబ్బు పడుతుంది, తెర మీద పుర్రె గుర్తు వస్తుంది, మందు వేయకపోతే పోతుంది. అది పిలిచినప్పుడు వెలిగే గుర్తును కూడా ఎక్కువసేపు పట్టించుకోకపోతే ఒక తప్పు కింద లెక్క, ఆ తప్పులను బట్టే పెద్దయ్యాక ఏ పాత్ర అవుతుందో తేలుతుంది.

దీనికి మందు రెండు పనులు. ఒకటి, గుడ్డును ఎప్పుడూ శనివారం పొద్దున్న, టిఫిన్ అయ్యాక మొదలుపెట్టండి. రెండోది, బడి వేళల్లో ఆటను ఆపి ఉంచడం. మధ్య బటన్ నొక్కితే గడియారం కనిపిస్తుంది, అప్పుడు రెండు చివరి బటన్లు కలిపి నొక్కితే టైమ్ మార్చే తెర వస్తుంది. ఆ తెర మీదే వదిలేస్తే లోపలి జీవికి కాలం గడవదు. సాయంత్రం టైమ్ సరిచేసి బయటికి వస్తే పొద్దున్న ఎక్కడ ఆగిందో అక్కణ్నించే నడుస్తుంది.

కొందరు తల్లులు గడియారాన్నే అయిదారు గంటలు వెనక్కి తిప్పేస్తారు, బడి వేళకు అది నిద్రపోతుంటుందని. నేనూ చేసి చూశాను, అది కుదరదు. ఈ బొమ్మ రాత్రి నిద్రపోగానే లైటు మనమే ఆర్పాలి, ఆర్పకపోతే అదీ తప్పే. గడియారం వెనక్కి తిప్పితే అది నిద్రపోయేది మనకు అర్ధరాత్రి దాటాక. వారం రోజులు రాత్రి రెండింటికి అలారం పెట్టుకుని లేచి లైటు ఆర్పాను, ఇక నా వల్ల కాలేదు.

ఇంత పట్టింపు మీ ఇంట్లో కుదరదనుకుంటే ఒరిజినల్ కొనకండి. అలాగని అది చెడ్డ బొమ్మ అనట్లేదు, నాకు ఇప్పటికీ అన్నిటికంటే ఇష్టమైనది అదే. ఒక రోజు గడిస్తే దానికి ఒక ఏడాది వయసు, మూడు బటన్లు, 32 చుక్కల వెడల్పు, 16 చుక్కల ఎత్తు తెర, అంతే సరంజామా. చదవడానికి పెద్దగా ఏమీ లేదు, అన్నీ బొమ్మ గుర్తులే కాబట్టి ఇంగ్లిష్ ఇంకా సరిగ్గా రాని పిల్లలకు కూడా వచ్చేస్తుంది. ఇందులో జెన్ 1, జెన్ 2 అని రెండు రకాలు దొరుకుతాయి, వాటి మధ్య ఏది అని తలబద్దలు కొట్టుకోవద్దు. పాత్రలు వేరు, లోపలి ఆట వేరు: మొదటిదాంట్లో ఎడమా కుడా అని ఊహించాలి, రెండోదాంట్లో వచ్చే అంకె పెద్దదా చిన్నదా అని. చిన్నపిల్లలకు మొదటిది, అంకెలు బాగా వచ్చినవాళ్లకు రెండోది.

తమగోచి అని కొన్నాం, కానీ ఇది ఆగదు, మోత ఆపదు, ఒక్క రోజులో పోతోంది

పెట్టె చూడండి. దాని మీద "168 ఇన్ 1" అనో "49 ఇన్ 1" అనో ఉండి, బందాయ్ పేరు ఎక్కడా లేకపోతే అది తమగోచి కాదు. కోడిపిల్ల, కుక్క, డైనోసార్ అని జంతువుల జాబితా పెద్దదిగా ఉంటుంది కానీ అన్నిటికీ ఆట ఒకటే, బొమ్మ గీత మాత్రమే మారుతుంది. మన ఎగ్జిబిషన్లలో, ఫ్యాన్సీ షాపుల్లో తాళంచెవి గొలుసుతో వేలాడేవి ఇవే. తొంభైల చివర్లో మనలో చాలామంది పెంచింది కూడా వీటినే, కాబట్టి ఎవరైనా "నా చిన్నప్పటి తమగోచి" అంటే నేను ముందు ఎన్ని జంతువులు ఉండేవని అడుగుతాను.

నేను ఆన్‌లైన్‌లో ఒక అమ్మకందారు దగ్గర ఫొటోలో అసలుది చూసి ఆర్డర్ ఇస్తే వచ్చింది ఇది. వెనక్కి పంపడానికి పది రోజులు పట్టింది. అప్పట్నించీ ఫొటోను నమ్మడం మానేసి, కొన్నవాళ్లు పెట్టిన ఫొటోల్లో పెట్టె వెనక వైపు ఎవరైనా తీశారా అని వెతుకుతున్నాను.

ఇప్పటికే కొనేసి ఉంటే బాధపడాల్సిన పని లేదు. కొన్ని వందలకే దొరికే ఈ బొమ్మ ఒక పరీక్షకు బాగా పనికొస్తుంది: మీ పిల్ల వారం రోజుల తర్వాత కూడా దాన్ని చేతిలోకి తీసుకుంటోందా? తీసుకుంటుంటే అసలుదానికి డబ్బు పెట్టండి. లేదంటే మీ డబ్బు మిగిలినట్టే. సరిగా నడవకుండా బిగుసుకుపోతే వెనకవైపు చిన్న రంధ్రంలో రీసెట్ ఉంటుంది, పిన్నీసు మొనతో కాకుండా అరిగిపోయిన పెన్సిల్ మొనతో నొక్కండి.

గీతలు మసకబారాయి, సగం బొమ్మే కనిపిస్తోంది

ముందు బ్యాటరీ. నలుపు తెలుపు తెర ఉన్నవాటిలో చార్జ్ తగ్గే కొద్దీ తెర వెలిసిపోతుంది, బటన్ నొక్కి శబ్దం వచ్చినప్పుడల్లా ఇంకా పలచబడితే అనుమానమే అక్కర్లేదు. ఇప్పుడు దొరికే ఒరిజినల్‌లో సీఆర్ 2032 అనే నాణెంలాంటి బటన్ సెల్ ఒకటి పడుతుంది. చిన్న సైజు తమగోచి నానోల్లోనూ, పైన చెప్పిన "168 ఇన్ 1" లాంటి నకళ్లలోనూ ఎల్‌ఆర్ 44 బటన్ సెల్స్ పడతాయి, ఇదే కొన్ని ప్యాకెట్ల మీద ఏజీ 13 అని ఉంటుంది, రెండూ ఒకటే. రెండు పట్టే బొమ్మలో ఒక్కటే మార్చి ఊరుకోవద్దు, పాతది కొత్తదాన్ని కూడా లాగేస్తుంది. బొమ్మతో పాటు వచ్చిన బ్యాటరీలు షాపులో ఎన్నాళ్లు పడున్నాయో తెలియదు, కాబట్టి కొత్త బొమ్మ మొదటి వారమే మసకబారితే కంగారు పడకండి.

కింద పడ్డాక తెర ఒక మూల నల్లగా సిరా ఒలికినట్టు అయితే మాత్రం అది గాజు పగిలినట్టు, మన ఇంట్లో బాగయ్యేది కాదు.

బ్యాటరీ మార్చగానే ఉన్నది కాస్తా పోయింది

ఒరిజినల్ అంతే, బ్యాటరీ తీస్తే గుడ్డు నుంచి మొదలు. ఇది తెలియక నేను 11 ఏళ్లదాన్ని, అంటే 11 రోజులు పెంచినదాన్ని, పోగొట్టుకున్నాను. తెర వెలుస్తుంటే ఇప్పుడున్నది ముగిసేదాకా ఆగి, కొత్త గుడ్డుకు ముందు మార్చండి. ఆగలేని మనసైతే రంగుల తెర మోడళ్లకు వెళ్లండి, అవి ఆటను దాచుకుంటాయి. వాటిలో పిక్స్, ప్యారడైజ్ రెండు ఏఏఏ బ్యాటరీలతో నడుస్తాయి, యూనీ మాత్రం టైప్ సీ కేబుల్‌తో చార్జ్ అవుతుంది. ఫోన్ చార్జర్లు ఎటూ ఇంటి నిండా ఉంటాయి కాబట్టి నెలల లెక్కన చూస్తే మన ఇళ్లకు యూనీయే నయం. ఏఏఏ వాటిలో మామూలు రీచార్జబుల్ సెల్స్ వేస్తే త్వరగా బ్యాటరీ గుర్తు చూపిస్తుంది, అవి 1.5 వోల్టులు కాదు, 1.2 వోల్టులే ఇస్తాయి, బొమ్మ తప్పేం లేదు.

యూనీ వైఫైకి కలవడం లేదు

అమెరికా నుంచి మా చెల్లెలు తెచ్చిన యూనీతో నాకు ఒక ఆదివారం మొత్తం పోయింది. పాస్‌వర్డ్ పది సార్లు కొట్టాను. చివరికి తేలింది ఏమిటంటే 2023లో వచ్చిన ఈ మోడల్ 2.4 గిగాహెర్ట్జ్ వైఫైనే పట్టుకుంటుంది. మన ఇళ్లలో ఫైబర్ రౌటర్లు 2.4, 5 గిగాహెర్ట్జ్ అనే రెండు రకాల సిగ్నళ్లకూ ఒకే పేరు పెట్టి వదిలేస్తున్నాయి. రౌటర్ సెట్టింగ్స్‌లో రెండింటికీ వేర్వేరు పేర్లు పెట్టి 2.4 దానికి కలపండి. రౌటర్ జోలికి వెళ్లలేకపోతే ఫోన్ హాట్‌స్పాట్‌ను 2.4కి మార్చి కలపండి, పని అయిపోతుంది. ఇంటర్నెట్ బొమ్మ పిల్లల చేతికి ఇవ్వాలా అన్న టెన్షన్ ఉంటే, వైఫై కలపకుండానే తిండి, ఆట, పెంపకం అన్నీ సాగుతాయి, అప్‌డేట్లకూ ఆన్‌లైన్ లోకానికీ మాత్రమే అది కావాలి.

రెండు రోజులకే విసుగొచ్చింది

ఇక్కడ పిల్లను చూడాలి. అయిదారేళ్ల పిల్లలకు తమగోచి ఏదైనా తొందరే అని నా అభిప్రాయం. మా చెల్లెలి కొడుక్కి ఒరిజినల్ ఇస్తే బటన్లన్నీ కలిపి నొక్కడమే ఆట అయింది. వాడికి బిట్జీ తెచ్చాక సర్దుకుంది. స్పిన్ మాస్టర్ వాళ్లది, 2023లో వచ్చింది, మూడు ఏఏఏ బ్యాటరీలు. అందులో ఒక చిన్న రేకు లాంటిది గబగబా ఊగుతుంటే దాని మీద వెలుగులతో జంతువు గాల్లో ఉన్నట్టు కనిపిస్తుంది, దాన్ని వేలితో తాకొచ్చు, నిమరొచ్చు. వాడు మొదటిసారి వేలు పెట్టి చటుక్కున వెనక్కి లాక్కుని, మళ్లీ మెల్లగా పెట్టాడు. అందులో చావు లేదు. రేకు ఊగే బుర్రుమన్న చప్పుడు మాత్రం ఉంటుంది, పడుకునే గదిలో పనికిరాదు.

పోరాటాలు ఇష్టపడే పిల్లలైతే డిజిమాన్ వైపు చూడండి. అదీ బందాయ్‌దే, 1997లో వచ్చింది. తిండి పెట్టడం, శుభ్రం చేయడంతో పాటు శిక్షణ ఇవ్వాలి, పాతకాలం రకంలో రెండు బొమ్మల తలల మీది లోహపు ముక్కలు ఆనించి కొట్లాడించాలి. అంటే ఒక్కటి కొంటే సగం ఆటే. అన్నదమ్ములకు, పక్కింటి స్నేహితులకు రెండు కలిపి కొనడమే మేలు.

జత గురించి ఇంకో మాట: తమగోచీలన్నీ ఒకదానితో ఒకటి కలుస్తాయనుకోవద్దు. తరం మారితే కలిసే పద్ధతే మారిపోతుంది. ఇద్దరికి కొంటుంటే ఒకే మోడల్ రెండు కొనండి, రంగు మార్చుకోండి చాలు.

తెర మీద రాసింది ఒక్క ముక్క అర్థం కావడం లేదు

జపాన్ మార్కెట్‌కు చేసినవి చాలావరకు జపనీస్‌లోనే ఉంటాయి. 2021లో వచ్చిన తమగోచి స్మార్ట్ వాచీ అలాంటిదే, చూడటానికి ఎంతో ముద్దుగా ఉంటుంది కానీ భాష మార్చే దారి లేదు. బయటి దేశం నుంచి తెమ్మని చుట్టాలకు చెప్పేటప్పుడు మోడల్ పేరుతో పాటు "ఇంగ్లిష్ వెర్షన్" అని కూడా చెప్పండి. తెలుగులో ఏదీ రాదు, కాబట్టి ఇంగ్లిష్ చదవడం రాని వయసుకు పిక్స్, యూనీ లాంటి వాక్యాలు ఎక్కువున్నవి కొనే ముందు పక్కన కూర్చుని చదివిపెట్టే ఓపిక మీకుందా అని చూసుకోండి.

పాతది అల్మరాలో దొరికింది, పని చేయడం లేదు

మూత విప్పండి. లోపల తెల్లగానో పచ్చగానో బూజులాంటిది ఉంటే బ్యాటరీ కారింది. ఇయర్‌బడ్‌ను కాస్త వెనిగర్‌లో ముంచి, పిండేసి, ఆ లోహపు రేకుల మీద రుద్దండి, పొడిబట్టతో తుడిచి ఒక పూట ఆరనివ్వండి. మా చెల్లెలిది, చిన్నప్పటిది, ఇలాగే లేచి కూర్చుంది. ఇకమీదట ఆడని బొమ్మలో బ్యాటరీ ఉంచకండి.

ఆ మూత మరను మాత్రం ప్రతిసారీ గట్టిగా బిగించండి. ఇంట్లో పాకే పిల్లలు, నోట్లో పెట్టుకునే వయసు పిల్లలు ఉంటే బటన్ సెల్ పట్టే మోడల్ అసలు తేవద్దు, ఏఏఏవో, చార్జింగ్‌దో తీసుకోండి. సీఆర్ 2032 అంత సైజుది గొంతులో ఇరుక్కుంటే రెండు గంటల్లోనే లోపల కాలిపోతుంది. మింగిందేమోనన్న అనుమానం వచ్చినా వాంతి చేయించకుండా, తెల్లారాక చూద్దామనుకోకుండా, వెంటనే ఎక్స్‌రే ఉన్న ఆసుపత్రికి తీసుకెళ్లండి. అదే రకం బ్యాటరీ ఖాళీ ప్యాకెట్ ఇంట్లో ఉంటే వెంట తీసుకెళ్లి డాక్టరుకు చూపించండి.