నిలబడితే మరిగే కారు: దాళ్వా కోతల నాటి తిప్పలు

కారు హీటెక్కుతోందని ఎవరైనా ఫోన్ చేస్తే నేను ముందు అడిగేది ఒక్కటే: నిలబడ్డప్పుడా, పరిగెడుతున్నప్పుడా? ఏ మోడలు, ఎన్ని కిలోమీటర్లు తిరిగింది అన్నవి తర్వాత. జొన్నాడ నుంచి హైవే మీద ఎనభైలో వస్తున్నంతసేపూ డాష్‌బోర్డులో టెంపరేచర్ ముల్లు మధ్యలోనే ఉండి, రావులపాలెంలో పది నిమిషాలు ఇరుక్కోగానే పైకి పాకిందంటే లోపం చాలావరకు గాలి దగ్గరే. హైవే మీద కూడా ఎక్కుతుంటే నీళ్ళ దగ్గర వెతకాలి.

ముల్లు ఎరుపులోకి వచ్చేసిందా? ముందు ఏసీ కట్టేయండి. అద్దాలు దించి హీటర్ ఫుల్లుగా పెట్టండి. రోహిణి కార్తెలో హీటరేంటని నవ్వుతారు గానీ, హీటర్ లోపల ఉన్నదీ చిన్న రేడియేటరే, అంటే కాగిన నీళ్ళను గాలితో చల్లార్చే జాలీయే. ఇంజన్ వేడిని కొంత లాగేస్తుంది. అప్పటికీ ముల్లు దిగకపోతే బండి పక్కకు తీసి ఇంజన్ ఆపేయండి. రేడియేటర్ మూత మాత్రం తిప్పొద్దు. లోపలి నీటిని ఆ మూత ఒత్తిడిలో పట్టి ఉంచుతుంది కాబట్టే అది 100 డిగ్రీలు దాటినా మరగదు. మూత వదులైన మరుక్షణం మరుగు నీళ్ళు ఎగజిమ్మి మొహం, చేతులు కాల్చేస్తాయి. ముప్పావుగంటైనా ఆగండి. కాగిన ఇంజన్ మీద చన్నీళ్ళు గుమ్మరించినా ముప్పే, హెడ్డు (ఇంజన్ పై భాగం) పగలొచ్చు.

నిలబడితే వేడి, కదిలితే మామూలు

బండి కదులుతుంటే గాలి దానంతటదే రేడియేటర్‌లోకి తోసుకొస్తుంది. ఆగితే ఫ్యానే దిక్కు. స్టార్ట్ చేసి ఏసీ వేయండి. మామూలుగా కాసేపట్లోనే ఫ్యాన్ తిరగాలి. తిరగలేదంటే ఫ్యూజు చూడండి, తర్వాత రిలే (ఫ్యాన్‌కి కరెంటు వదిలే స్విచ్చు). హారన్ రిలే అదే నంబరుదైతే రెండూ అటూ ఇటూ మార్చి చూస్తే ఐదు నిమిషాల్లో తేలిపోతుంది. ఏసీ వేస్తే తిరిగి, ఏసీ లేకుండా ఇంజన్ ఎంత కాగినా తిరగకపోతే టెంపరేచర్ సెన్సర్‌ను గానీ దాని వైరును గానీ అనుమానించాలి. అన్నీ బాగుండి మోటారే మొరాయిస్తే మార్చడమే. ఇంజన్ ఆపాక కూడా ఫ్యాన్ ఒక్కసారిగా తిరగొచ్చు, చెయ్యి పెట్టేముందు గుర్తుంచుకోండి.

ఫ్యాన్ తిరుగుతున్నా వేడెక్కుతుంటే మన గోదావరి డెల్టాలో నేను ముందు చూసేది గడ్డి. పోయినేడు మా బావగారి కారు అలాగే చేసింది. ఒక షెడ్డులో ఫ్యాన్ మోటారు మార్చారు, తగ్గలేదు. "మోటారే కొత్తది వేయించానురా, ఇంకేముంటుంది?" అంటారాయన. ముందు బంపర్ విప్పించాం. ముందుండేది ఏసీ కండెన్సర్, దాని వెనక రేడియేటర్, రెంటికీ మధ్య వేలెడు సందు. ఆ సందు నిండా గడ్డిపరకలు, ఊక, పొట్టు. దాని మీద పురుగులు, దుమ్ము కలిసి పిడకలా గట్టిపడి ఉంది. దాళ్వా (రెండో పంట వరి) కోతలప్పుడు రోడ్ల మీద ధాన్యం ఆరబోస్తారు, ఎండుగడ్డి ట్రాక్టర్లు రాలుస్తూ పోతాయి. వాటి వెనకే మనం. బయటి నుంచి చూస్తే కండెన్సర్ శుభ్రంగానే కనిపిస్తుంది, అదే చిక్కు.

దీనికి ముందస్తు గుర్తు ఏసీయే చెబుతుంది: ఆగితే గాలి వేడిగా, కదిలితే చల్లగా వస్తుంది. ముల్లు లేని కొత్త కార్లలో ఎర్రదీపం దాకా ఆగకుండా దీన్ని పట్టుకోండి. కండెన్సర్‌కీ రేడియేటర్‌కీ మధ్య టార్చి వేసి చూడండి. కడిగేటప్పుడు ఇంజన్ చల్లారాక మామూలు పైపుతో వెనక నుంచి ముందుకు కొట్టాలి, దూరినదారినే బయటికి రావాలి కదా. వాటర్ సర్వీసింగ్ గన్‌ను దగ్గర్నుంచి కొడితే పల్చటి రేకులన్నీ వంగిపోయి గాలి దారి ఇంకా మూసుకుపోతుంది.

హైవే మీద కూడా వేడి

పొద్దున్నే, ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు డబ్బాలో కూలెంట్ (ఇంజన్‌ను చల్లార్చే ద్రవం) గీతల మధ్య ఉందో లేదో చూడండి. తరుగుతుంటే ఎక్కడో కారుతోంది: హోసు క్లిప్పులు, వాటర్ పంపు కింద, రేడియేటర్ అంచులు. మూత రబ్బరు ఎండి పగిలినా ఒత్తిడి నిలవదు, మూత మారిస్తే సరి.

తరిగిందని బోరు నీళ్ళు పోయకండి. భీమవరం, నరసాపురం వైపు బోర్లలో చాలా చోట్ల ఉప్పే. బిందె అంచున కట్టే తెల్లపొర రేడియేటర్ సన్న గొట్టాల్లోనూ కడుతుంది, తుప్పు సరేసరి. దారిలో తప్పనిసరైతే తాగే టిన్ను నీళ్ళు పోసి ఇంటికి చేరండి. లోపలి నీళ్ళు తుప్పు రంగులో ఉంటే మొత్తం ఫ్లష్ చేయించి, మీ కారు పుస్తకంలో చెప్పిన రకం కూలెంట్, డిస్టిల్డ్ వాటర్ సగం సగం కలిపి నింపించాలి. ముందే నీళ్ళు కలిపి అమ్మే కూలెంట్ అయితే మళ్ళీ నీళ్ళు కలపొద్దు.

ఇంజన్ కాగిపోతున్నా రేడియేటర్‌కి వెళ్ళే హోసు చల్లగానే ఉంటే థర్మోస్టాట్ (వేడిని బట్టి నీళ్ళను రేడియేటర్‌కి వదిలే కవాటం) మూసుకుని ఇరుక్కుని ఉండొచ్చు. "అది పీకేస్తే పోలా" అనే మెకానిక్కులు ఉన్నారు. ఒప్పుకోకండి. అది లేకపోతే ఇంజన్ సరైన వేడికి రాక పెట్రోలు ఎక్కువ తాగుతుంది.

డబ్బాలో బుడగలు, వెనక ఆగని తెల్లపొగ, ఆయిల్ డిప్‌స్టిక్ మీద పాలమీగడలాంటి నురగ కనిపిస్తే హెడ్ గ్యాస్కెట్ (హెడ్డు కింద ఉండే సీలు) పోయినట్టు అనుమానించండి. సిద్ధాంతం వంతెన దాటితే ఇల్లే కదా అని నడపొద్దు. అక్కడే ఆపి టోయింగ్ బండిని పిలవండి.