నాగార్జునకొండకు వెళ్లే ముందు తాంబాళంలో నీళ్లు పోయండి

మాచర్ల దగ్గర ఒక బడిలో సోషల్ చెప్పి రిటైరయ్యాను. ఏటా చలికాలంలో చుట్టుపక్కల ఊళ్ల పిల్లల్నీ, పెద్దల్నీ నాగార్జునకొండకు తీసుకెళ్తుంటాను. మొదటిసారి మ్యూజియంలో ఇక్ష్వాకుల వంశం గురించి ముప్పావు గంట చెప్పాను. తిరుగు లాంచీలో ఓ పిల్ల అడిగింది: “సార్, ఇంత చిన్న దీవిలో రాజధాని ఎలా పట్టింది?” నా పాఠమంతా నీళ్లపాలైందని అప్పుడు తెలిసింది.

అందుకే ముందురోజే బడి వరండాలో ఇత్తడి తాంబాళం పెట్టండి. అంచు వెంట రాళ్లు పేర్చితే అవి చుట్టూ ఉన్న కొండలు. నడుమ ఒక పెద్ద రాయి, అది నాగార్జునకొండ. అడుగున చింతగింజలు చల్లండి: ఇక్ష్వాకుల రాజధాని విజయపురి, స్తూపాలు, విహారాలు, స్నానఘట్టం. నాగార్జునసాగర్ నీళ్లలో మునిగిపోయే ముందు, 1954 నుంచి 1960 దాకా పురావస్తు శాస్త్రవేత్త ఆర్.సుబ్రహ్మణ్యం బృందం ఆ లోయను తవ్వింది. ఎంచుకున్న కట్టడాలను కొండ మీద, ఒడ్డున అనుపులో మళ్లీ కట్టారు. అందుకని పిల్లలతోనే కొన్ని గింజలు ఏరించి నడుమ రాయి మీద పెట్టించండి. ఆ తరువాత నీళ్లు పోయండి, మెల్లగా. అదే సాగర్ జలాశయం, నడుమ రాయి ఇప్పుడు దీవి. అందరూ మునిగిన గింజలనే చూస్తారు. తొందరపెట్టకండి.

లోయలో ఊళ్లు వదిలి వచ్చిన కుటుంబాల పెద్దలు ఉంటే ఆ రోజే పిలవండి. మీరు మాట్లాడకండి, వాళ్లు చెప్పే పొలాల పేర్లు రాసుకోండి.

లాంచీ విజయపురి సౌత్ నుంచి. శుక్రవారం మ్యూజియానికి సెలవు, గాలి ఎక్కువైతే లాంచీకీ సెలవే. ఆనాటి జలాశయం మట్టం పేపర్లో చూసి రాసుకు రమ్మనండి. పూర్తి మట్టం 590 అడుగులు. గట్టు రాళ్ల మీది నీటి చార చూపిస్తే ఆ తేడా కళ్లకు కడుతుంది.

మ్యూజియంలో అన్నీ చూపాలనుకోకండి. నేను ఛాయాస్తంభాల దగ్గర ఆగుతాను. చనిపోయిన రాజులకూ, యోధులకూ గుర్తుగా నిలిపినవి. “మన కారంపూడిలో వీరుల గుడి ఎందుకుంది?” అని ఒక్క మాట అడిగితే చాలు, ఇక చెప్పేది వాళ్లే. శిల్పాలది పల్నాటి సున్నపురాయి అన్నప్పుడు ఒక పెద్దాయన “మా వసారాలో పరిచిందీ ఈ జాతి రాయేగా” అన్నాడు. నా ఉపన్యాసం కంటే అది మేలు. ఇంకో మాట, నాకు కాస్త గర్వమైనది: 1926లో ఇక్కడి పాత స్తంభం సంగతి ప్రభుత్వానికి తెలియజేసింది సూరపరాజు వెంకటరామయ్య అనే స్థానిక బడిపంతులు.

మట్టం తగ్గినప్పుడు ఒడ్డున పెంకులో, ఇటుక ముక్కలో కనిపిస్తే తీయనివ్వకండి. పక్కన స్కేలు పెట్టి ఫొటో తీసి, చోటు రాసి, మ్యూజియం సిబ్బందికి చెప్పించండి. స్కేళ్లు మీరే తీసుకెళ్లండి. లేదంటే మావాడొకడు చేసినట్టే చేస్తారు: సగం తిన్న బిస్కెట్ ప్యాకెట్టు పక్కన పెట్టి ఫొటో తీశాడు. ఆ ప్యాకెట్టు పొడవెంత అంటే, “తినక ముందా, తిన్నాకా సార్?” అన్నాడు.