కంటిపాప వెంట కెమెరా – 3వ పాఠం: నల్లగుడ్డు దొరికింది, మరి పాప ఏది?

పోయిన పాఠం చివర ఒక పని అప్పజెప్పాను. మీ కంటి పెట్టెను (కన్ను మాత్రమే పట్టే చిన్న ముక్కను) వంద వీడియో ఫ్రేముల్లోంచి కత్తిరించి ఒక ఫోల్డర్‌లో దాచుకోమన్నాను. దాచారా? వాటిలో ఏదో ఒక బొమ్మ తెరిచి పది రెట్లు పెద్దది చేయండి. నల్లగుడ్డు మధ్యలో కంటిపాప అంచు మీకు కనిపిస్తోందా?

నాకు కనపడలేదు. మొదటిసారి ఈ పని మొదలుపెట్టినప్పుడు ఆ సంగతి చూసుకోకుండా రెండు రోజులు కోడ్‌లో తప్పు వెతుక్కుంటూ కూర్చున్నాను. ఇంటర్నెట్‌లో చూసిన డెమోలో పాప చుట్టూ ఆకుపచ్చ గీత చక్కగా అతుక్కుని తిరుగుతోంది. అదే కోడ్ నా ల్యాప్‌టాప్‌లో పెడితే గీత ఒకసారి కనుబొమ్మ మీద, ఒకసారి రెప్ప మూల, ఒకసారి నల్లగుడ్డంతా. చివరికి బొమ్మను పెద్దది చేసి చూశాక తల పట్టుకున్నాను. డెమోలో ఉన్నది లేత నీలి కన్ను, నాది ముదురు గోధుమ రంగు కన్ను. నా కంటికే కనపడని అంచును పాపం కోడ్ ఎక్కణ్నుంచి తెస్తుంది?

అందుకని ఈ పాఠంలో ముందు పదాలు సరిచూసుకుందాం. తెల్లగా ఉండేది తెల్లగుడ్డు, అందులో తగాదా లేదు. మనం నల్లగుడ్డు అనేది నిజానికి రెండు భాగాలు. చుట్టూ రంగుతో ఉండే కండరపు వలయం ఐరిస్, దాని మధ్యలో ఉన్న రంధ్రం పాప. ఐరిస్ సైజు పెద్దవాళ్లందరిలో దాదాపు ఒకటే, అడ్డంగా కొలిస్తే సుమారు 11.7 మిల్లీమీటర్లు. పాప మాత్రం వెలుతురును బట్టి 2 నుంచి 8 మిల్లీమీటర్ల దాకా మారుతుంది. లేత రంగు ఐరిస్‌లో పాప నల్లటి చుక్కలా విడిగా తెలుస్తుంది. మన కళ్లలో మెలనిన్ అనే రంగు పదార్థం ఎక్కువ కాబట్టి మామూలు వెలుతురులో రెండూ కలిసిపోయి ఒకే నల్లగుండ్రం అవుతాయి.

రంగు సంగతి అలా ఉంచి లెక్క చూద్దాం. ఈ లెక్క ఒక్కటి ముందే వేసుకుని ఉంటే నా రెండు రోజులు మిగిలేవి. మీ వెబ్‌క్యామ్ అడ్డంగా 60 డిగ్రీలు చూస్తుందనుకోండి, మీరు 50 సెంటీమీటర్ల దూరంలో కూర్చున్నారు. అక్కడ కెమెరాకు కనిపించే వెడల్పు దాదాపు 58 సెంటీమీటర్లు. వీడియో 640 పిక్సెళ్ల వెడల్పు అయితే మిల్లీమీటరుకు 1.1 పిక్సెల్ వస్తుంది. అంటే ఐరిస్‌కు 13 పిక్సెళ్లు. గదిలో మామూలు వెలుతురులో పాప 4 మిల్లీమీటర్లు ఉంటే దానికి దక్కేది నాలుగున్నర పిక్సెళ్లు! ఆ నాలుగు గళ్లలో అంచును వెతకాలి, అదీ పక్కనే దాదాపు అంతే నల్లగా ఐరిస్ ఉండగా. 1920 పిక్సెళ్ల వీడియో తీస్తే ఐరిస్ 39కి, పాప 13కి పెరుగుతాయి. కొంత నయమే, కానీ రంగుల తగాదా అలాగే ఉంటుంది.

కాబట్టి ఇక్కడ దారి రెండుగా చీలుతుంది. మామూలు వెబ్‌క్యామ్‌తోనే పని చేస్తానంటే మీరు పట్టుకునేది ఐరిస్ కేంద్రం, పాప కాదు. చూపు ఎడమకు తిరిగిందా కుడికా, మనిషి కళ్లు మూశాడా అని తెలుసుకోవడానికి అది బాగా సరిపోతుంది, ఎందుకంటే రెండింటి కేంద్రాలు దాదాపు ఒకచోటే ఉంటాయి. పాప ఎంత విచ్చుకుంది, వెలుతురు పడగానే ఎంత ముడుచుకుంది అని కొలవాలంటే మాత్రం కంటికి దగ్గరగా ఇన్‌ఫ్రారెడ్ కెమెరా కావాలి. చాలా పాఠాలు ఈ రెండింటినీ కలిపేసి 'ప్యూపిల్ డిటెక్షన్' అని ఒకే పేరు పెడతాయి. గందరగోళం అక్కడే మొదలవుతుంది.

మొదటి దారి: బండిచక్రం లెక్క

వెబ్‌క్యామ్ బొమ్మ మీద చాలామంది ముందుగా ప్రయత్నించేది హఫ్ సర్కిల్స్, అంటే బొమ్మలో వృత్తాలు వెతికే పద్ధతి. నేను వద్దంటాను. పై రెప్ప, కింది రెప్ప ఐరిస్‌ను చెరికొంత కప్పేస్తాయి. మిగిలేవి ఎడమ, కుడి అంచుల్లో రెండు వంపులు. పూర్తి వృత్తం కోసం వెతికే పద్ధతి ఆ రెండు వంపులతో సరిపెట్టుకోలేక కళ్లజోడు ఫ్రేము మూలనో రెప్ప మడతనో వృత్తం అనేస్తుంది.

టిమ్, బార్త్ అనే ఇద్దరు 2011లో చెప్పిన గ్రేడియంట్ పద్ధతి నాకు బాగా నచ్చింది. ఎడ్లబండి చక్రం గుర్తు తెచ్చుకోండి. ఆకులన్నీ ఇరుసు దగ్గర కలుస్తాయి. చక్రం పైభాగం, కిందిభాగం గోనెపట్టాతో కప్పేసినా, పక్కల కనపడే నాలుగు ఆకులను పట్టుకుని లోపలికి గీత లాగితే ఇరుసు ఎక్కడుందో చెప్పేయొచ్చు. ఐరిస్ అంచు కూడా అంతే. ఆ అంచు మీద ప్రతి పిక్సెల్ దగ్గర నలుపు నుంచి తెలుపుకు మారే దిశ ఒకటి ఉంటుంది, అదే గ్రేడియంట్. అది కేంద్రం నుంచి బయటికి, చక్రం ఆకులాగే ఉంటుంది. కంటి పెట్టెలో ఒక్కొక్క పిక్సెల్‌నూ 'నువ్వే ఇరుసువా?' అని అడగడం, దాని నుంచి అంచు పిక్సెళ్లకు గీసిన దిశ, అక్కడి గ్రేడియంట్ దిశ ఎంత బాగా కలిశాయో మార్కులు వేయడం. ఎక్కువ మార్కులు వచ్చినదే కేంద్రం. ఇరుసు ఉన్నచోటు ఎలాగూ నల్లగా ఉండాలి కాబట్టి నల్లటి పిక్సెళ్లకు కొంచెం ఎక్కువ మార్కులు వేస్తారు.

దీని ఖర్చు చూసుకోండి. కంటి పెట్టె 60 × 40 ఉంటే 2,400 పిక్సెళ్లు. ప్రతిదాన్నీ ప్రతిదానితో పోలిస్తే ఒక్క ఫ్రేముకు 57.6 లక్షల గుణింతాలు. పైథాన్‌లో ఫర్ లూప్ రాశారంటే వీడియో స్లైడ్ షో అయిపోతుంది. పెట్టెను సగానికి, అంటే 30 × 20కి కుదించండి, పని పదహారో వంతుకు, 3.6 లక్షలకు దిగుతుంది. దాన్ని నంపై (పైథాన్‌లో లెక్కల లైబ్రరీ) అర్రేలతో ఒక్క దెబ్బకు చేయించండి. బలహీనమైన గ్రేడియంట్లను ముందే తీసేస్తే ఇంకా తగ్గుతుంది, పైగా బుగ్గ మీది నున్నటి చర్మం మార్కుల్లో తలదూర్చదు.

'మీడియాపైప్ ఉండగా ఇదంతా ఎందుకు?' అని అడుగుతారని తెలుసు. అది ముఖం మీది పాయింట్లను రెడీమేడ్‌గా గుర్తించే గూగుల్ లైబ్రరీ. దాని ఫేస్ మెష్‌లో ఐరిస్ సవరణ ఆన్ చేస్తే మొత్తం 478 పాయింట్లు ఇస్తుంది. చివరి పది, 468 నుంచి 477 దాకా, రెండు కళ్ల ఐరిస్‌లవి, కంటికి ఐదు చొప్పున. అర్జెంటుగా పని కావాలంటే నిక్షేపంగా వాడుకోండి, నేనూ వాడతాను. కానీ అది ఇచ్చేది కూడా ఐరిస్సే. మధ్య పాయింటును పాప అనుకుని దాని 'సైజు' కొలిచే కోడ్‌లు చూశాను. అక్కడ కొలవడానికి సైజే లేదు.

రెండో దారి: నలుపులోంచి నలుపును విడదీయడం

ఇన్‌ఫ్రారెడ్ వెలుతురులో మన కన్ను వేరేలా కనిపిస్తుంది. 850 నానోమీటర్ల దగ్గర మెలనిన్ కాంతిని అంతగా పీల్చుకోదు కాబట్టి ముదురు గోధుమ ఐరిస్ బూడిద రంగులోకి తేలుతుంది. పాప మాత్రం నల్లగానే ఉంటుంది. ఈ వెలుతురు ఇచ్చే ఎల్‌ఈడీని లెన్స్‌కు పక్కగా, కాస్త దూరంగా పెట్టాలి. లెన్స్ వరసలోనే పెడితే వెలుతురు కంటి వెనక పొర నుంచి తిరిగొచ్చి పాప తెల్లగా మెరుస్తుంది. ఫ్లాష్ ఫొటోల్లో కళ్లు ఎర్రగా పడేది ఇందుకే. కెమెరాకు ఇన్‌ఫ్రారెడ్‌ను ఆపే ఫిల్టర్ ఉండకూడదు. రాస్‌బెరీ పై అనే బుల్లి కంప్యూటర్ వాళ్ల నోఐఆర్ కెమెరా ఈ పనికి చాలు.

ఒక జాగ్రత్త. ఈ వెలుతురు కంటికి దాదాపు కనపడదు కాబట్టి పాప ముడుచుకోదు, రెప్ప పడదు. ఎక్కువైనా మీకు తెలియదు. కాబట్టి ఎక్కువ కరెంటుతో మండే ఎల్‌ఈడీలు కంటి దగ్గర పెట్టకండి. దీపాల కాంతి భద్రతకు ఐఈసీ 62471 అనే ప్రమాణం ఉంది. దాని ప్రకారం పరీక్షించిన రెడీమేడ్ హెడ్‌సెట్ వాడటం సొంతంగా సోల్డరింగ్ చేయడం కన్నా మేలు.

ఇక బొమ్మ. 320 × 240 సైజులో ఒక్క కన్నే నిండుగా ఉందనుకుందాం. గ్రే చేయండి, ఐదు లేదా ఏడు సైజుతో మీడియన్ బ్లర్ వేసి చిన్న చిన్న మచ్చలు నున్నగా చేయండి. తర్వాత థ్రెషోల్డ్, అంటే ఎంత ముదురైతే నలుపుగా లెక్కించాలో హద్దు పెట్టడం. ఇక్కడ 'యాభై కన్నా తక్కువైతే నలుపు' లాంటి గట్టి అంకె పెట్టారంటే కిటికీ పక్కకు జరిగిన ప్రతిసారీ కోడ్ మార్చుకోవాలి. దాని బదులు ఇలా ఆలోచించండి. బొమ్మలో మొత్తం 76,800 పిక్సెళ్లు. పాప వ్యాసార్థం 30 పిక్సెళ్లయితే దాని వైశాల్యం 2,827, అంటే 3.7 శాతం. కాబట్టి పిక్సెళ్లన్నిటిలో ముదురుగా ఉన్న 5 శాతాన్ని తీసుకోండి, పాప దాదాపు అందులోనే ఉంటుంది. ఆ తర్వాత ఫైండ్ కాంటూర్స్, అంటే నల్లటి ముక్కల సరిహద్దు గీతలను (కాంటూర్లను) వెతికే ఫంక్షన్.

ముక్కలు చాలా వస్తాయి. 'అన్నిటికన్నా పెద్దది తీసుకుంటే పోలా' అని నేనూ అనుకున్నాను, అది పనిచేసింది కూడా. పండక్కి వచ్చిన మా అక్క కూతురు కాటుక పెట్టుకుని కెమెరా ముందు కూర్చునేదాకా పనిచేసింది. గదిలో లైటు వేయగానే గీత పాపను వదిలేసి కింది రెప్ప మీదికి దూకేది. లైటు ఆపితే మళ్లీ పాప మీదికి. ఆ పిల్ల దాన్ని ఆట చేసుకుని స్విచ్ టకటకా నొక్కుతూ కూర్చుంది.

ఫ్రేములు తీసి కొలిస్తే విషయం తేలింది. కాటుక గీత 150 పొడవు, 12 వెడల్పు, అంటే 1,800 పిక్సెళ్లు. మసి కాబట్టి ఇన్‌ఫ్రారెడ్‌లోనూ నల్లగానే ఉంటుంది. చీకట్లో పాప 2,827 పిక్సెళ్లతో గెలుస్తుంది. లైటు పడగానే వ్యాసార్థం 20కి ముడుచుకుంటే మిగిలేది 1,257, కాటుక గెలుస్తుంది. సైజు నమ్మకూడదు, ఆకారం చూడాలి. దానికి పాత సూత్రం ఒకటుంది: 4 × π × వైశాల్యం, దాన్ని చుట్టుకొలత వర్గంతో భాగించండి. పూర్తి వృత్తానికి 1 వస్తుంది. కాటుక గీతకు చుట్టుకొలత 324, లెక్క వేస్తే 0.22. పాపకు పిక్సెళ్ల గరుకు వల్ల పూర్తిగా 1 రాదు, కొంచెం తక్కువ వస్తుంది. 0.6 దాటినవాటినే ఉంచుకోండని మొదలుపెట్టి, మీ వీడియోను బట్టి సర్దుకోండి. చూపు బాగా పక్కకు తిరిగినప్పుడు పాప కోడిగుడ్డులా సాగి కనిపిస్తుంది కాబట్టి మరీ బిగించకండి.

తర్వాతి చికాకు, కంటి మీద మెరిసే తెల్లచుక్క. కంటి ముందుండే పారదర్శకమైన పొర, కార్నియా, చిన్న అద్దంలాంటిది, ఎల్‌ఈడీ ప్రతిబింబం అందులో పడుతుంది. ఎదుటివాళ్ల కంట్లో మన బొమ్మ బుల్లిగా కనపడేదీ అక్కడే. లాటిన్‌లో కంటిపాపకు వాడిన మాటకు 'చిన్న బొమ్మ' అనే అర్థం ఆ ప్రతిబింబం వల్లే వచ్చింది. మనమూ పాప అనే అంటున్నాం, చూడండి. సరే, ఆ చుక్క పాప మధ్యలో పడితే బాధ లేదు, బయటి కాంటూర్ దాన్ని పట్టించుకోదు. అంచు మీద పడితే మాత్రం రొట్టె కొరికినట్టు ఒక ముక్క పోతుంది. కాంటూర్ చుట్టూ కాన్వెక్స్ హల్ (రబ్బరు బ్యాండు బిగించినట్టు వచ్చే గీత) గీయించండి, కొరికినచోటు పూడిపోతుంది. ఆ హల్ మీద ఫిట్ ఎలిప్స్ (పాయింట్లకు సరిపోయే దీర్ఘవృత్తం, అంటే ఎలిప్స్ గీసే ఫంక్షన్) పిలవండి. దానికి కనీసం ఐదు పాయింట్లు కావాలి, తక్కువుంటే ప్రోగ్రామ్ ఎర్రర్ ఇచ్చి ఆగిపోతుంది కాబట్టి ముందే చూసుకోండి.

రెప్ప సగం దిగినప్పుడు ఇంకో తిప్పలు. పాప పైఅంచు స్థానంలో రెప్ప గీసిన అడ్డగీత కాంటూర్‌లో చేరి ఎలిప్స్‌ను కిందికి లాగేస్తుంది. పై పావు భాగంలోని పాయింట్లను తీసేసి మిగిలినవాటితో ఎలిప్స్ వేయడం చవక వైద్యం. అసలు వైద్యం 2005లో వచ్చిన స్టార్‌బర్స్ట్ పద్ధతిలో ఉంది. లోపల్నుంచి నలువైపులా కిరణాలు పంపి అంచులు పట్టుకుని, పొసగని పాయింట్లను రాన్‌శాక్ అనే పద్ధతితో ఏరి పారేస్తుంది. దానికి ఒక పాఠం విడిగా కావాలి.

రెప్పపాటు పూర్తిగా పడిందంటే ఏమీ దొరకదు. అది మామూలే. రెప్పపాటు 100 నుంచి 400 మిల్లీసెకన్లు, సెకనుకు 30 ఫ్రేముల వీడియోలో 3 నుంచి 12 ఫ్రేములు. ఆ ఫ్రేముల్లో పాత స్థానాన్నే కొత్తదిగా రాసేయాలని చెయ్యి దురద పెడుతుంది. రాయకండి. ఫైల్‌లో 'లేదు' అనే పెట్టండి. పాప లేనిచోట ఉన్నట్టు రాస్తే, వచ్చే పాఠంలో కాల్మన్ ఫిల్టర్ (పాప తర్వాత ఎక్కడుంటుందో అంచనా వేసే లెక్క) ఆ అబద్ధాన్ని నమ్మి దాని వెంటే పోతుంది.

ఈ వారం పని: దాచుకున్న వంద ఫ్రేముల్లో యాభై తీసుకుని, కేంద్రం ఎక్కడో మౌస్‌తో మీరే నొక్కి గుర్తు పెట్టండి. ఒక రోజు ఆగి, పాత గుర్తులు చూడకుండా మళ్లీ పెట్టండి. రెండుసార్లూ ఒకేచోట పడవు, ఆ తేడా రాసుకోండి. అంతకన్నా కచ్చితంగా ఉన్నానని మీ కోడ్ చెబితే నమ్మాల్సిన పనిలేదు. తర్వాత కోడ్ చెప్పిన కేంద్రానికీ మీ గుర్తుకూ మధ్య దూరాన్ని రెండు కళ్ల కేంద్రాల మధ్య దూరంతో భాగించండి. ఆ దూరం కత్తిరించిన పెట్టెలో దొరకదు, అసలు ఫ్రేములో కొలవాలి. 640 వీడియోలో అది సుమారు 70 పిక్సెళ్లు వస్తుంది. భాగఫలం 0.05 లోపు ఉంటే, అంటే మూడున్నర పిక్సెళ్ల లోపు తప్పు ఉంటే, ఆ ఫ్రేము పాసైనట్టు. ఎన్ని పాసయ్యాయో లెక్కపెట్టి, ఫెయిలైన ఫ్రేములను వేరే ఫోల్డర్‌లో ఉంచండి. వచ్చే పాఠం ఆ ఫోల్డర్‌తోనే మొదలవుతుంది.