కొత్త మజిల్ లోడర్ జిడ్డు ముందు వదిలించండి

కొత్త మజిల్ లోడర్ (గొట్టం మూతి నుంచి మందు నింపే తుపాకీ) బ్యారెల్‌లో తుప్పు పట్టకుండా ఫ్యాక్టరీలోనే చిక్కటి గ్రీజు పూసి పంపుతారు. అది ఉండగానే కాలిస్తే బ్లాక్ పౌడర్ (నల్ల తుపాకీ మందు) మసితో కలిసి తారులా గట్టిపడుతుంది, తర్వాత ఎంత రుద్దినా ఒక పట్టాన రాదు.

ముందు లోపల మందు లేదని చూసుకుని, నిపుల్ (క్యాప్ అనే చిన్న పేలుడు టోపీని తొడిగే సన్న గొట్టం) విప్పండి. ఇన్‌లైన్ రకమైతే (క్యాప్ బ్యారెల్ వెనక, దాని వరసలోనే ఉండేది) బ్రీచ్ ప్లగ్ (బ్యారెల్ వెనక చివరను మూసే బిరడా) కూడా. ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో తడిపిన గుడ్డ ముక్కలను రాడ్‌తో తోస్తూ ఉండండి. మొదట గోధుమరంగు జిగురుగా వస్తాయి, తెల్లగా వచ్చేదాకా మార్చండి. దగ్గర్లో మంట వద్దు, గాలి ఆడాలి, చెక్క పాలిష్‌కి తగలనివ్వకండి. ఆ తర్వాత సబ్బు కలిపిన వేడినీళ్లు, వెంటనే పొడిగుడ్డ.

చాలామంది బ్యారెల్ మెరిసిపోయేలా తుడిచి, నిపుల్ నుంచి మందు దగ్గరికి నిప్పు వెళ్లే సన్నటి దారిని మాత్రం వదిలేస్తారు. క్యాప్ పేలినా మందు అంటుకోకపోవడానికి తరచూ కారణం అక్కడ మిగిలిన జిడ్డే. పైప్ క్లీనర్ దూర్చి తీస్తే ఎంత ఉందో మీకే తెలుస్తుంది.

నిపుల్ బిగించాక, మందు నింపకముందే, షూటింగ్ రేంజ్‌లో గొట్టం మూతిని గడ్డి దగ్గరగా పెట్టి ఉత్త క్యాప్ ఒకటి పేల్చండి. గడ్డి కదిలితే దారి తెరిచే ఉన్నట్టు.