లోహాన్ని తట్టుకునే మొక్కలు – 4వ పాఠం: వేరు పొడవు నుంచి జన్యువు దాకా

గని మట్టి మీద పెరిగిన గడ్డినీ, మామూలు పొలం గడ్డినీ ఒక గిన్నెలో రాగి లేని మంచినీళ్లలో, ఇంకో గిన్నెలో మైలుతుత్తం (కాపర్ సల్ఫేట్) కలిపిన నీళ్లలో పెట్టి వేళ్లు కొలవమని పోయిన పాఠంలో చెప్పాను. ఆ ప్రయోగం చాలామందికి కుదరలేదు. మీరు పంపిన కొలతలన్నీ కూర్చుని చూశాను. జన్యువుల జోలికి వెళ్లేముందు ఆ లెక్క సరిచేసుకుందాం.

ఎక్కువమంది మోతాదు దగ్గరే పొరబడ్డారు. గుంటూరు పట్నం బజారులో కొన్నది చిటికెడు వేశామన్నారు. చిటికెడు వేస్తే ఏ గడ్డి వేరూ సాగదు. మైలుతుత్తం బరువులో నాలుగో వంతు రాగే. 1 గ్రాము లీటరు నీళ్లలో కరిగిస్తే అందులో 250 మిల్లీగ్రాముల రాగి ఉంటుంది. దాంట్లోంచి సిరంజితో 2 మి.లీ. తీసి మరో లీటరు నీళ్లలో కలపండి. లీటరుకు అర మిల్లీగ్రాము వస్తుంది, మనకు అది చాలు. బోరు నీళ్లు వద్దు, వాటిలో రాగి చాలావరకు అడుక్కి దిగిపోతుంది. డిస్టిల్డ్ వాటర్ తీసుకుని, రెండు గిన్నెల్లోనూ లీటరుకు అర గ్రాము కాల్షియం నైట్రేట్ వేయండి. వేరు సాగడానికి కాల్షియం కావాలి.

విజయవాడ నుంచి ఒకావిడ, "మంచినీళ్లలో కూడా వేరు రాలేదండీ" అని రాశారు. ఆ నీళ్లు రాత్రంతా రాగి చెంబులో ఉంచినవట. ఆమె రెండు గిన్నెల్లోనూ రాగి ఉందన్నమాట. గాజు గిన్నెలే వాడండి.

ఇక అసలు తప్పు. పదిమందిలో ఎనిమిదిమంది గని గడ్డి వేరును పొలం గడ్డి వేరుతో పోల్చారు. రాగి నీళ్లలో రెండూ 30 మి.మీ. పెరిగాయి కాబట్టి రెండూ సమానమేనని తేల్చారు. సమానం కాదు. గని గడ్డి మంచినీళ్లలో 40 పెరిగింది, రాగిలో 30. అంటే 75 శాతం. పొలం గడ్డి మంచినీళ్లలో 60 పెరిగింది, రాగిలో 30. అంటే 50 శాతమే. రాగి వల్ల పొలం గడ్డి సగం పోగొట్టుకుంది, గని గడ్డి పావు వంతే పోగొట్టుకుంది. కొన్ని గడ్డులు పుట్టుకతోనే పొట్టి. పొట్టితనం వేరు, తట్టుకోలేకపోవడం వేరు. ఏ మొక్కనైనా దానితోనే పోల్చాలి. 1957లో విల్కిన్స్ అనే శాస్త్రవేత్త గడ్డి సీసాన్ని ఎంత తట్టుకుంటుందో పరీక్షించినప్పటి నుంచీ ఈ కొలతకు ప్రాణం ఆ భాగహారమే. అది వదిలేస్తే తర్వాత చేసే ప్రతి లెక్కా తప్పుతుంది.

విత్తనం ఒకటే అయితే రెండు గిన్నెల్లో ఎలా పెడతామని అడిగారు. అందుకే నాకు విత్తనాలకన్నా పిలకలే ఇష్టం. ఒక దుబ్బును విడదీసి సగం పిలకలు మంచినీళ్లలో, సగం రాగి నీళ్లలో పెడితే రెండు చోట్లా ఉన్నది ఒకే మొక్క.

ఇప్పుడు జన్యువు. కాలిఫోర్నియాలో కాపరోపొలిస్ అనే ఊళ్లో 1860లలో రాగి గనులు తవ్వారు. ఆ మట్టి మీద మిములస్ గుట్టాటస్ అనే పసుపు పూల మొక్క పెరుగుతోంది. మెక్‌నైర్ అనే జన్యుశాస్త్రవేత్త దాన్ని రాగిని తట్టుకోలేని మొక్కతో సంకరం చేశాడు. మొదటి తరం తట్టుకుంది. దాన్ని మళ్లీ తట్టుకోలేని మొక్కతో కలిపితే పిల్లల్లో దాదాపు సగం తట్టుకున్నాయి, సగం తట్టుకోలేదు. పెద్ద ప్రభావం చూపే జన్యువు ఒకటే ఉంటే కనపడే లెక్క ఇదే. 1983లో ఆయన చెప్పిందీ అదే. ఎంత రాగిని తట్టుకోవాలో సవరించే, చిన్న ప్రభావం చూపే జన్యువులు వేరే ఉంటాయి.

అయితే మోతాదు మారిస్తే మొదటి తరం ఫలితం కూడా మారవచ్చు. తక్కువ రాగిలో బహిర్గతంగా, అంటే ఒక్క తల్లో తండ్రో నుంచి వచ్చినా బయటపడేలా కనిపించిన గుణం ఎక్కువ రాగిలో అలా కనిపించకపోవచ్చు. అందుకే మోతాదు రాయకుండా పంపిన ఫలితాన్ని నేను చూడను.

మొక్క రాగికి "అలవాటు పడింది" అని దయచేసి రాయకండి. మామూలు పొలం గడ్డి విత్తనాలు వేలకొద్దీ గని మట్టిలో చల్లితే ఏ కొద్దో బతుకుతాయి. ఆ కొద్దిటిలో జన్యువు ముందే ఉంది, మట్టి మిగతావాటిని చంపేసింది.

అభ్యాసం. వినాయక చవితికి ఏరుకొచ్చే గరికే తెచ్చుకోండి. కృష్ణ కరకట్ట, కాలువ గట్టు, పాత వర్క్‌షాపు పక్క నేల, ఇలా ఒకదానికొకటి దూరంగా ఉన్న పది చోట్ల నుంచి. ఒకే గుబురులో పది పోచలు కోస్తే అది పది మొక్కలు కాదు, కణుపులతో పాకిన ఒకే మొక్క. అగ్నిగుండాల వైపు వెళ్లేవాళ్లు పాత గని గుంతల్లోకి దిగవద్దు. ఒక్కో మొక్క నుంచి పది కణుపులు, అయిదు మంచినీళ్లలో, అయిదు రాగి నీళ్లలో. నీళ్లు రోజు విడిచి రోజు మార్చండి. 14వ రోజున ప్రతి కణుపులో అతి పొడవైన వేరును కొలవండి. మొత్తం వంద వేళ్లు, మొక్కకొకటి చొప్పున పది శాతాలు. పిల్లలకు అందనివ్వకండి, మిగిలిన రాగి నీళ్లు కుండీల్లో పోయకండి.

దాంతోపాటు ఈ లెక్క కూడా చేయండి. మొదటి తరం మొక్కల్ని వాటిలో వాటికే కలిపితే వచ్చే రెండో తరంలో 100 మొక్కల్లో 76 తట్టుకున్నాయి, 24 తట్టుకోలేదు. అదే తరంలో 20 మొక్కలే తీసుకుంటే 13, 7 వచ్చాయి. ఈ రెండిటిలో దేన్ని చూసి ఒకే జన్యువు అనగలరో, దేన్ని చూసి అనలేరో కారణంతో రాసి పంపండి.