అతివృష్టి లెక్కలు – 3వ పాఠం: 1.4 రెట్లు అని ఎప్పుడు అనొచ్చు?

మనిషి పెంచిన వేడి వల్ల అతివృష్టి అవకాశం ఎన్ని రెట్లయిందో కంప్యూటర్ వాతావరణ మోడళ్లలో రెండు లోకాలను పోల్చి లెక్కిస్తున్నాం: ఆ వేడి ఉన్నది ఒకటి, లేనిది ఒకటి. గత పాఠంలో సీజను మొత్తం వానకు హద్దు పెట్టుకున్నాం, అది దాటితే అతివృష్టి: దీర్ఘకాల సగటుకు 1.6 రెట్లు. మిల్లీమీటర్లలో ఎందుకు పెట్టలేదంటే, మోడళ్లు చాలావరకు అసలు వానకన్నా ఎక్కువో తక్కువో కురిపిస్తాయి. సగటును మోడల్ గతకాలపు ఫలితాల నుంచే తీసుకోండి, అదే హద్దును రెండు లోకాలకూ వాడండి. ఏ లోకానికి ఆ లోకం సగటే వాడితే, మనం వెతుకుతున్న తేడాలో చాలా భాగం అక్కడే చెరిగిపోతుంది.

మొదటిది నేటి లోకం. రెండోదానిలో గ్రీన్‌హౌస్ వాయువులు పరిశ్రమలకు ముందరి స్థాయిలో ఉంటాయి, సముద్రానికి మనిషి చేర్చిన వేడినీ తీసేస్తాం. ప్రారంభ స్థితిని కాస్త కాస్త మారుస్తూ ఒక్కోదానిలో 2,000 సీజన్లు నడిపామనుకోండి. హద్దు దాటినవి నేటి లోకంలో 28, రెండోదానిలో 20. నిష్పత్తి 1.4. అంటే నూరేళ్లకోసారి వచ్చేది సుమారు 71 ఏళ్లకోసారి వస్తోందన్నమాట.

ఇక్కడే ఆగిపోవడం అందరూ చేసే తప్పు. ఇంత తక్కువ లెక్కల్లో తేడా యాదృచ్ఛికంగానూ రావచ్చు, కాబట్టి అసలు నిష్పత్తి ఎంత నుంచి ఎంత దాకా ఉండొచ్చో (దాని అవధి, 95% నమ్మకంతో) చూడాలి. 1/28, 1/20 కలపండి: 0.0857. వర్గమూలం 0.293. దాన్ని 1.96తో గుణిస్తే 0.574. 2.718కి ఆ ఘాతం వేస్తే 1.78. ఇప్పుడు 1.4ను 1.78తో భాగిస్తే 0.79, గుణిస్తే 2.49. ఈ రెంటి మధ్యలో 1 ఉంది, 1 అంటే ఏ మార్పూ లేనట్టే, కాబట్టి పెరిగిందని గట్టిగా చెప్పలేం.

అదే 20,000 సీజన్లు నడిపి 280, 200 వస్తే? నిష్పత్తి మళ్లీ 1.4 అయినా అవధి 1.17 నుంచి 1.68కి కుదించుకుంటుంది. ఇప్పుడు చెప్పొచ్చు. దక్షిణ ఇంగ్లండ్‌లో 2014 జనవరి వానల మీద చేసిన అధ్యయనం లక్షకు పైగా సిమ్యులేషన్లు నడిపింది అందుకే. అక్కడ ముప్పు సుమారు 43% పెరిగిందని తేలింది. వానలో 43% మన వల్ల పడిందని దాని అర్థం కాదు, దయచేసి అలా రాయకండి. పెరిగింది సంభావ్యత.

డిగ్రీ వేడికి గాలి మోయగల ఆవిరి సుమారు 7% పెరుగుతుంది. కానీ సీజను వాన ఆవిరి ఒక్కదానితో తేలదు, గాలుల దారి కూడా మారుతుంది. ఇంగ్లండ్‌లో పడమటి గాలులు వీచే రోజులు పెరగడం కూడా తోడైంది. గాలులు ఎదురు తిరిగిన చోట నిష్పత్తి 1కి దిగువకూ పోవచ్చు.

అభ్యాసం: ఒక్కో లోకంలో 15,000 సీజన్లు, దాటినవి 195, 150. అవధిలో 1 పడుతుందా?