కరెంటు పనికి మనిషిని మాట్లాడుకునే ముందు

చాలామంది "పాయింటుకి ఎంత?" అనే బేరం మొదలుపెడతారు. అది ఆఖర్న అడగండి. ముందు ఇలా అడిగి చూడండి: "మా ఇంట్లో ఎంసీబీ (లోడు ఎక్కువైతే తనంతట తానే కరెంటు ఆపేసే స్విచ్చి) మాటిమాటికీ పడిపోతోంది, కొంచెం పెద్దది వేస్తే సరిపోతుందా?" "ఓ, 32 ఆంప్స్‌ది వేసేద్దాం సార్" అన్నాడా, టీ ఇచ్చి పంపించేయండి. ఎంసీబీ ఉన్నది వైరుని కాపాడటానికి. గోడలో 1.5 స్క్వేర్ ఎంఎం వైరు పెట్టుకుని 32 వేస్తే ఎంసీబీ పడదు సరే, లోపల వైరు కాలుతుంది. పని తెలిసినవాడైతే ఆ లైను మీద ఏమేం నడుస్తున్నాయి, ఏది వేసినప్పుడు పడుతోంది అని మిమ్మల్నే ఎదురు అడుగుతాడు.

ఐటీఐలో రెండేళ్ల ఎలక్ట్రీషియన్ ట్రేడ్ చేశాడా, లైసెన్సింగ్ బోర్డు ఇచ్చిన వైర్‌మన్ పర్మిట్ ఉందా అని మొహమాటపడకుండా అడగండి. బల్బు హోల్డర్ మార్చడానికి ఇంత హడావుడి అక్కర్లేదు గానీ, కొత్త ఇల్లో రీవైరింగో అయితే లైసెన్సున్న కాంట్రాక్టర్‌కే ఇవ్వండి. ఇక్కడో తిరకాసు ఉంది, కాగితం మేస్త్రీది, పనిచేసేది నిన్నగాక మొన్న చేరిన కుర్రాడు! మెయిన్ బోర్డు కనెక్షన్లు ఇచ్చే రోజు, ఎర్తింగ్ రోజు మేస్త్రీ దగ్గరుండాలని ముందే మాట తీసుకోండి.

సంచిలో టెస్టర్ ఒక్కటే ఉంటే ఆలోచించండి. అది వెలిగితే ఫేజు ఉందని తెలుస్తుంది, అంతే. మల్టీమీటర్ పెట్టి సాకెట్‌లో ఫేజుకీ ఎర్తుకీ మధ్య ఎంత వస్తోందో చూపించమనండి, 230కి దగ్గర్లో ఉండాలి. వచ్చినంత మాత్రాన ఎర్త్ గట్టిగా ఉన్నట్టు కాదు, రాకపోతే మాత్రం లేనట్టే. కొత్త వైరింగ్‌కి కరెంటు ఇచ్చే ముందు మెగ్గర్ టెస్ట్ (వైర్ల ఇన్సులేషన్ బాగుందో లేదో చూసేది) కూడా చేయించండి.

కరెంటు ఎక్కడైనా లీకైతే సప్లై ఆపేసే 30 మిల్లీఆంప్స్ ఆర్‌సీసీబీ పెట్టమంటే "అది ఊరికే పడిపోతుంది సార్, ఎందుకు టెన్షన్" అనేవాళ్లు ఉన్నారు. ఊరికే పడదు. గీజర్ కాయిల్ లీకవుతున్నా, ఇన్వర్టర్ న్యూట్రల్ మెయిన్ న్యూట్రల్‌తో కలిసిపోయినా పడుతుంది. ఆ కారణం వెతకడానికి ఓపిక లేక పీకేస్తారు.

సామాను మీరే కొనండి, లిస్టు మాత్రం అతనితో రాయించండి. మామూలుగా లైట్లకి 1.5, 16 ఆంప్స్ సాకెట్లకి 2.5, ఏసీ, గీజర్లకి 4 స్క్వేర్ ఎంఎం వైరు, ఐఎస్ఐ గుర్తుతో. లిస్టులో ఆకుపచ్చ వైరు కాయిల్స్ మరీ తక్కువున్నాయంటే సాకెట్లకి ఎర్త్ లాగే ఉద్దేశం లేనట్టే, అక్కడే ఆపి అడగండి.

డబ్బు పని సాగేకొద్దీ ఇవ్వండి. ప్లాస్టరింగ్‌కి ముందు గోడల్లో వైర్ల పైపులు ఎటు వెళ్లాయో ఫోన్‌లో ఫొటోలు తీసి పెట్టుకోండి, రేపు టీవీ కోసం గోడకి డ్రిల్ పెట్టేది మీరే. మెయిన్ బోర్డులో ఏ ఎంసీబీ ఏ గదికో రాసి అంటించాకే ఆఖరి వాయిదా చేతిలో పెట్టండి.